రథము మంచిదే, సారథిని పరీక్షింపుడు

కుట్టుమిషను, రేడియో, మిక్సీ మొదలగు యంత్రములు ఒకదాని వెనుక నొకటి మన యిండ్లలో ప్రవేశించి మన చేతులకు అలవడినవి. సూది విరిగినచో మార్చుట, మిక్సీ బ్లేడు మొద్దువారినచో పదును పెట్టించుట మనకు తెలియును. కంప్యూటరు మాత్రము ఇంకను పరాయి చుట్టమువలెనే యున్నది. పిల్లల పాఠములు, బ్యాంకు లెక్కలు, పొదుపు సంఘముల పద్దులు, పెండ్లినాటి ఫోటోలు అన్నియు దానికే యప్పగించితిమి. అది యొకనాడు పని నడుమ తెర నల్లగా చేసికొని నిలిచిపోయెనా, ఏమి చేయవలెనో తోచక దుకాణమునకు మోసికొనిపోవుచున్నాము. అచట చెప్పు ధర విని గుండె బరువుతో తిరిగి వచ్చుచున్నాము. ఇట్లు నిలిచిపోవుటకు కారణములు పెక్కు గలవు. వానిలో ఇంటనే, ఒక్క కాసు ఖర్చు లేక చక్కబెట్టుకొనదగినది గ్రాఫిక్సు డ్రైవరు దోషము. దానిని గూర్చి మాకు తెలిసినంతవఱకు ఇచట వ్రాయుచున్నాము.

కంప్యూటరులో తెరపై బొమ్మలను, అక్షరములను గీయుటకు ప్రత్యేకముగా నొక భాగము కలదు. దానిని గ్రాఫిక్సు కార్డు అందురు. సామాన్యమైన ల్యాప్‌టాపులలో నది విడిగా నుండక ప్రాసెసరులోనే యిమిడియుండును. ఆటలకు, వీడియోల కూర్పునకు కొన్నవానిలో వేఱుగా నుండును. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా అనునవి వీనిని తయారుచేయు ముఖ్యమైన కంపెనీలు. విండోసు మాట కార్డునకు నేరుగా అర్థము కాదు. ఈ రెంటికి నడుమ నిలిచి, విండోసు ఆజ్ఞను కార్డునకు తెలిపి పని చేయించు ప్రోగ్రామే డ్రైవరు. ఈ పేరు మనకు క్రొత్తది కాదు. డ్రైవరనగా సారథి. సారథివలన రథికునకు ఎంత మేలో, ఎంత కీడో భారతము చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱ లేదు. కర్ణుని రథము తక్కువది కాదు, విల్లు అంతకన్న తక్కువది కాదు. పగ్గములు పట్టినవాడు శల్యుడు. రథచక్రము క్రుంగిన మాట నిజమే కాని యది వేఱు సంగతి. మన యింట తెర నల్లబడినపుడు దుకాణమువాడు ముందుగా చక్రమును చూపి ధర చెప్పును. మనము ముందుగా సారథిని చూడవలెనని మా మనవి.

సామాన్యమైన ప్రోగ్రాము చెడినచో అది యొక్కటియే మూతపడును. డ్రైవరు చెడినచో యంత్రమంతయు నేల పడిపోవలెను? కారణమేమన, డ్రైవరునకు విండోసుయొక్క గర్భగుడిలో మెలగు నధికారము కలదు. ఆ గర్భగుడిని కెర్నెలు అందురు. మా యమరేశ్వరస్వామి యాలయమున వెలుపలి మండపమున నొక భక్తుడు సొమ్మసిల్లి పడినచో నలుగురు పట్టుకొందురు, పూజ సాగుచునే యుండును. గర్భాలయములోని యర్చకుడే పడిపోయినచో తలుపులు మూయక తప్పదు. అందువలననే విండోసు తన్ను తాను ఆపుకొని, తప్పు పేరు వ్రాసిన నీలితెరను చూపును. విండోసు 11నందు 2025లో ఈ నీలితెరను నల్లతెరగా మార్చిరి. కనుక పాత గుర్తునుబట్టి నీలిరంగు కొఱకే వెదుకకుడు.

2007 జనవరి 30న విడుదలయైన విండోసు విస్టాతో ఈ యేర్పాటు కొంత మాఱినది. డ్రైవరు పనిలో చాల భాగమును గర్భగుడి వెలుపలికి తెచ్చిరి. కార్డు రెండు సెకనులపాటు ఉలుకు పలుకు లేక యున్నచో విండోసే డ్రైవరును తట్టి లేపు పద్ధతిని కూడ ప్రవేశపెట్టిరి. తెర ఒక్క క్షణము నల్లబడి మఱల వెలిగి, డిస్‌ప్లే డ్రైవరు ఆగి తేరుకొన్నదని చెప్పుట ఇందువలననే. ఒక నిమిషములో ఐదు మారులకు మించి ఇట్లయినచో విండోసు విసిగి యంత్రమునే ఆపివేయును. ఆ తొలి సంవత్సరమున క్రొత్త పద్ధతికి డ్రైవరులు సిద్ధముగా లేకపోయెను. 2008లో అమెరికాలోని యొక కోర్టు వ్యాజ్యములో బయటపడిన మైక్రోసాఫ్టు కాగితములనుబట్టి, 2007లో వారు లెక్కించిన విస్టా పతనములలో నూటికి 28.8 ఎన్‌విడియా డ్రైవరులవలన, 17.9 మైక్రోసాఫ్టువారి సొంత ప్రోగ్రాములవలన కలిగినవి. ఎక్కువమంది వాడు కార్డు పేరు లెక్కలో ఎక్కువగా వినబడుట సహజమే గనుక, ఈ యంకెలు చూచి ఒక కంపెనీని ఆడిపోసికొనుట న్యాయము కాదు.

డ్రైవరు దోషమున యంత్రము పడిపోయినపుడు యంత్రము చెడలేదనుటకు మన తెలుగుదేశముననే యొక నిదర్శనము కలదు. అది గ్రాఫిక్సు డ్రైవరు కాదు, భద్రత కొఱకు పెట్టుకొన్న క్రౌడ్‌స్ట్రయిక్ కంపెనీవారి డ్రైవరు. జాతి మాత్రము అదియే, గర్భగుడిలో మెలగునదే. 2024 జూలై 19న ఆ కంపెనీ పంపిన లోపపు ఫైలు నొకదానిని చదువబోయి ఆ డ్రైవరు కూలెను. ప్రపంచమున 85 లక్షల విండోసు కంప్యూటరులు నీలితెరలై నిలిచినవని మైక్రోసాఫ్టువారు అంచనా వేసిరి. హైదరాబాదునుండి కలకత్తా పోవు విమానమునకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసు నిచ్చిరి; దాని ఫోటోను లోకమంతయు చూచినది. మఱి ఆ యంత్రములను బాగుచేసిన విధమేమి? సేఫ్ మోడ్ అను పద్ధతిలో లేపి, ఆ యొక్క ఫైలును తీసివేసిరి. అందుకొఱకు బోర్డు మార్చవలసిన పని లేకపోయెను.

మా వీధిలో జాకెట్లపై కుట్టుపని నమూనాలను కంప్యూటరుపై గీసి యిచ్చు సోదరి యొకతె కలదు. క్రిందటి శ్రావణమాసము ముందు ఆమె ల్యాప్‌టాపు నమూనా తెఱచినపుడెల్ల పడిపోసాగినది. పట్టణములో నొక దుకాణమున చూపించి, ముఖము చిన్నబుచ్చుకొని మా యింటికి వచ్చినది. "వదినగారూ, బోర్డు పోయిందట, పధ్నాలుగు వేలట. ఈ శ్రావణం సంపాదనంతా దానికే సరిపోతుంది" అన్నది. శ్రావణ శుక్రవారముల పనితోనే ఆమె పిల్లల ఫీజులు కట్టుకొనును. "బోర్డు మాట రేపు చూతమమ్మాయీ, ముందు దాని దినచర్య చదువుదము" అంటిమి.

దినచర్య యన్న మాట పరిహాసమునకు వాడలేదు. విండోసు తనకు కలిగిన ప్రతి జబ్బును తేదీతో సహా వ్రాసికొనును. స్టార్టు దగ్గఱ వెదుకు గడిలో రిలయబిలిటీ అని ఇంగ్లీషున వ్రాసినచో 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' అను మాట వచ్చును. దానిని తెఱచినచో పంచాంగమువలె దినములవారీగా గడులుండును. పడిపోయిన దినమున ఎఱ్ఱని గుర్తుండును. ఆ దినమును నొక్కినచో క్రింద వివరము కనబడును. ఏ దినమున ఏ అప్‌డేటు వచ్చినదో కూడ అందే యుండును. ఆ సోదరి ల్యాప్‌టాపులో ఎఱ్ఱగుర్తులు ఒక మంగళవారమునుండి వరుసగా నున్నవి. అంతకు ముందు రెండు నెలలు ఒక్కటియు లేదు. సోమవారము రాత్రి గ్రాఫిక్సు డ్రైవరు అప్‌డేటు అయినది. ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? నీలితెరపై వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అను మాట గాని, ఎన్ వి ఎల్ డి డి ఎమ్ కె ఎమ్ అను అక్షరములు గాని (ఇది ఎన్‌విడియా డ్రైవరు పేరు), ఐ జి డి కె ఎమ్ డి అను అక్షరములు గాని (ఇది ఇంటెల్‌వారిది) కనబడినచో అవియు గ్రాఫిక్సు సారథివైపే వ్రేలు చూపును. తెర పోకమునుపే ఫోనుతో ఫోటో తీసికొనుడు.

పిమ్మట చేయవలసినది అప్‌డేటును వెనుకకు త్రిప్పుట. స్టార్టు గుర్తుపై మౌసు కుడిమీట నొక్కి డివైస్ మేనేజరును, అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ అనుదానిని తెఱచి, కార్డు పేరుపై రెండు మారులు నొక్కి, డ్రైవర్ అను పుటలో రోల్ బ్యాక్ డ్రైవర్ అనుదానిని నొక్కవలెను. ఆ సోదరికి ఇంతతోనే సరిపోయినది. అప్పటినుండి మాతో ఎఱ్ఱగుర్తు మాట ఎత్తలేదు. కొందఱికి ఆ మాట వెలవెలబోయి నొక్కుటకు వీలు లేక యుండును. పాత డ్రైవరు నిలువలో లేదని దాని యర్థము. అప్పుడు ల్యాప్‌టాపు తయారుచేసిన కంపెనీవారి సొంత చోటినుండి, మీ మోడలు పేరుతో వెదకి, సరియైన డ్రైవరును ముందుగా దించి యుంచుకొనుడు. తరువాత వైఫై ఆపి, డివైస్ మేనేజరులో అన్‌ఇన్‌స్టాలు చేసి, డ్రైవరును కూడ తీసివేయుమని యడుగు చిన్న గడిలో గుర్తు పెట్టుడు. వైఫై ఆపుట మఱవరాదు. లేనిచో విండోసు మంచిబుద్ధితోనే ఆ చెడ్డ డ్రైవరును మఱల తెచ్చి పెట్టును. తీసివేసిన పిదప అక్షరములు పెద్దవై, బొమ్మలు మొఱటుగా కనబడును. భయపడకుడు. ఏ కార్డుకైనను పనికివచ్చు తాత్కాలిక సారథి నొకదానిని విండోసు తన దగ్గఱ నుంచుకొనును, అదియే పగ్గములు పట్టినది. దించియుంచిన డ్రైవరును పెట్టి, యంత్రమును మఱల లేపినచో తెర మామూలుగా వచ్చును. మీ డ్రైవరులన్నియు పాతబడినవి, ఇచట నొక్కుడు అని ఇంటర్నెట్టులో పిలుచు ప్రకటనలను మాత్రము గుమ్మము త్రొక్కనీయకుడు. అవి వైద్యుని వేషముతో వచ్చు దొంగలు.

అసలు తెరయే రానిచో ఇవి చేయుటెట్లు? ముందు చెవి యొగ్గి వినుడు. పాట గాని పాఠము గాని వినబడుచునే యుండి తెర మాత్రము నల్లగా నున్నచో, విండోసు గుర్తు మీట, కంట్రోలు, షిఫ్టు, బి అను నాలుగింటిని ఒక్కసారి నొక్కుడు. చిన్న బీప్ ధ్వని వచ్చి, తెర రెప్పవేసినట్లయి మఱల వెలుగవచ్చును. వ్రాయుచున్న పని పోకుండ డ్రైవరును తట్టి లేపు మీటలివి. అదియు పనిచేయనిచో సేఫ్ మోడ్ శరణ్యము. పవరు గుర్తు కనబడుచున్నచో షిఫ్టు మీటను నొక్కి పట్టుకొని రీస్టార్టు నొక్కవలెను. ఏమియు కనబడనిచో, యంత్రము లేచుచుండగనే పవరు మీటను పది సెకనులు నొక్కి ఆపుట రెండు మూడు మారులు చేసినచో చికిత్స పుట తానే వచ్చును. అందు ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అనువానిని వరుసగా తెఱచి, రీస్టార్టు నొక్కి, 4 అను అంకె నొక్కుడు. సేఫ్ మోడ్‌లో నడుపునది ఆ తాత్కాలిక సారథియే గనుక అందులో గంటసేపు స్థిరముగా నున్న యంత్రము బయటికి రాగానే పడిపోయినచో డ్రైవరుపై అనుమానము బలపడును. నలుబది యెనిమిది అంకెల బిట్‌లాకరు సంఖ్యను అడుగు ల్యాప్‌టాపులు కొన్ని యుండును. మైక్రోసాఫ్టు ఖాతాలో సాధారణముగా దాచియుండు ఆ సంఖ్యను, యంత్రము బాగున్న దినముననే ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసి యుంచుకొనుడు.

తెలుగు చదువరులకు ఒక ముచ్చట చెప్పక ముందుకు సాగలేకున్నాము. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞ' అక్షరము తరువాత కంటికి కనబడని యొక విడదీయు గుర్తు నుంచి, దానిపై దీర్ఘమిచ్చినచో ఐఫోనులు కూలిపోయినవి. ఆ అక్షరమును గీయవలసిన ప్రోగ్రాము దానిని జీర్ణించుకొనలేకపోయెను. ఫిబ్రవరి 19న యాపిల్‌వారు అప్‌డేటు పంపి చక్కజేసిరి. దోషము ఫోనుది కాదు, మన అక్షరముది అసలే కాదు. మా యూరి స్తూపశిలపై వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన 'నాగబు' అను మాట శతాబ్దములుగా చెదరక యున్నది. ఉలికి రాతికి నడుమ డ్రైవరు లేదు గదా!

ఇక నిజముగా చక్రమే క్రుంగిన సందర్భములు. మా పల్నాటి యెండలు ప్రసిద్ధములు. రెంటచింతల పేరు వేసవి పత్రికలలో చదువనివారు లేరు. దానికి తోడు ప్రత్తి నూగు, మిరప దుమ్ము ఫ్యాను రెక్కలకు పట్టి గాలి ఆడనీయవు. మధ్యాహ్నమున మాత్రమే, అరగంట పని చేసిన పిదప, ఏ మాటయు చెప్పక ఒక్కసారిగా ఆరిపోవు యంత్రమునకు తఱచుగా వేడియే జబ్బు. దినచర్యలో విండోసు సరిగా మూయబడలేదని మాత్రమే వ్రాసియుండును. పరుపుపై, దిండుపై పెట్టి వాడుట మానుడు. ఫ్యాను శుభ్రము చేయింపుడు. ఇందును సారథి చేయి ఉండవచ్చును. 2010 మార్చిలో ఎన్‌విడియావారి 196.75 అను డ్రైవరు ఫ్యానును సరిగా త్రిప్పక కార్డులు వేడెక్కుచున్నవని ఫిర్యాదులు రాగా, వారే దానిని వెనుకకు తీసికొనిరి.

మీట నొక్కిన వెంటనే, విండోసు ఇంకను లేవకముందే, కంపెనీ గుర్తుపైననే గీతలు, రంగుల చుక్కలు కనబడినచో డ్రైవరు నిరపరాధి. అది యింకను రథమెక్కనే లేదు. అప్పుడు హెచ్‌డీఎమ్‌ఐ తీగతో టీవీకి తగిలించి చూడుడు. టీవీపై బొమ్మ చక్కగా వచ్చినచో చెడినది ల్యాప్‌టాపు తెరయో దాని తీగయో కాని బోర్డు కాదు. రెంటను గీతలే వచ్చినచో దుకాణమునకు పోవుటయే మేలు. పోవునపుడు ఫోటోలను, పద్దులను వేఱొక చోట భద్రపఱచుకొని, ఎఱ్ఱగుర్తుల తేదీలను కాగితముపై వ్రాసికొనిపోవుడు. మీరు ఏమి పరీక్షించితిరో ముందుగా చెప్పినచో ధర చెప్పు గొంతు కొంత మాఱును. బోర్డు మార్చితిమని వారన్నచో పాత బోర్డును తిరిగి యిమ్మని యడిగి, కాగితములో చుట్టించి యింటికి తెచ్చుకొనుడు.