తియ్యటి వేప్.. సిగరెట్ మానిపిస్తుందా?

గల్ఫ్, అమెరికా నుంచి వచ్చిన కొందరు ‘సిగరెట్ మానేశా, ఇది వేప్ మాత్రమే’ అని ఇంట్లోవాళ్లకు చెబుతున్నారు. ఇందులో నిజమెంత?

ఈ-సిగరెట్‌లో పొగాకు కాలదు. నికోటిన్ కలిపిన ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది. మామిడి, స్ట్రాబెరీ, పుదీనా వంటి ఫ్లేవర్లు ఆ ద్రవంలోనే కలుపుతారు.

పండ్ల రుచికి అలవాటు పడ్డ కొందరికి సిగరెట్ వాసనే నచ్చదు. అలా పూర్తిగా వదిలేసిన వాళ్లూ ఉన్నారు. కానీ అదే తీపి నికోటిన్ ఘాటును కప్పేస్తుంది. సిగరెట్ ఒకటి అయిపోతే ఆగుతారు, వేప్‌కు ఆ ఆపు ఉండదు. ఇంట్లో వేప్, బయట సిగరెట్.. ఇలా రెండూ సాగితే ఆరోగ్యానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అమెరికాలో ఇదే పేచీ. పిల్లలు ఈ రుచులకు పడిపోతున్నారని అక్కడి ఎఫ్‌డీఏ 2020లో పండ్ల, పుదీనా రుచుల కాట్రిడ్జ్‌లపై కఠినంగా వ్యవహరించింది. పెద్దలు సిగరెట్ మానడానికి పనికొస్తాయంటూ 2024 జూన్‌లో కొన్ని మెంథాల్ వేప్‌లకు అనుమతిచ్చింది.

మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నేరమే. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బ్యాగులో వేసుకొచ్చినా చిక్కులే.

మానాలనుకునేవారు మెడికల్ షాపుల్లో దొరికే నికోటిన్ గమ్ గురించి డాక్టర్‌ను అడగొచ్చు. ప్రభుత్వ టోల్‌ఫ్రీ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు.