మలుపులో బరువు ఎటు వెళుతుంది?

రాస్ తనూరాలో గాలి గట్టిగా వీచిన మర్నాడు రోడ్ల మీద సన్నటి ఇసుక పరుచుకుని ఉంటుందని మనందరికీ తెలిసిందే. అలాంటి ఒక ఉదయం రౌండబౌట్‌లోకి కాస్త వేగంగానే వెళ్ళాను. మాది పాత బండి. సగం తిరిగాక భయమేసి గభాలున బ్రేకు తొక్కాను. వెనక భాగం సర్రున జారింది. దేవుడి దయవల్ల పక్కన మరో కారు లేదు.

"బండి పక్కకు వాలినందుకేనా నాన్నా జారింది?" అని వెనక సీట్లోంచి మావాడు అడిగాడు. అవునన్నాను. ఆ జవాబు తప్పని తరువాత చదివి తెలుసుకున్నాను. ఇంకో రెండేళ్ళలో వాడూ స్టీరింగ్ పట్టుకుంటాడు కాబట్టి దాన్ని సరిదిద్దక తప్పదు.

పిల్లలూ! మన ఊళ్ళో వరిగడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండి మలుపు తిరుగుతుంటే చూశారా? ఎక్కడ పడుతుందోనని గుండె ఝల్లుమంటుంది. అంతే బరువు ఇటుకలు వేస్తే ఆ భయం లేదు. బరువు ఒకటే, ఎత్తు వేరు. ఆ బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువునే గరిమనాభి అంటారు.

1500 కిలోల కారు ఉందనుకోండి. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం మీటరున్నర. మలుపులో పక్కకు తోసే బలం కారు బరువులో సగమైతే, 250 కిలోల భారం లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారుతుంది. అంటే 750, 750గా ఉన్నది 500, 1000 అవుతుంది. గరిమనాభి 75 సెంటీమీటర్లకు పెరిగితే మారే భారం 375 కిలోలు!

ఈ లెక్కలో వాలడం అన్న మాటే లేదు. వాలడమంటే స్ప్రింగులు అణగడం. గో-కార్ట్‌కు స్ప్రింగులే ఉండవు, అది వాలదు. అయినా మలుపులో దాని లోపలి వెనక చక్రం పైకి లేస్తుంది. గట్టి స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు వేస్తే వాలు తగ్గుతుంది కానీ మొత్తం మీద మారే బరువు దాదాపు అంతే.

టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకే బరువు ఒకవైపే పడితే మొత్తం పట్టు తగ్గుతుంది. స్పోర్ట్స్ కార్లను వెడల్పుగా, నేలబారుగా చేసేది ఇందుకే. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లు ఎంత కిందుగా ఉన్నాయో గుర్తుందా? ఎత్తుగా కట్టిన మెర్సిడెస్ ఏ-క్లాస్ 1997లో స్వీడన్‌లో ఒక పరీక్షలో బోల్తా పడింది. ఆ తరువాత కంపెనీ దానికి జారుడును అదుపుచేసే ఈఎస్‌పీని అమర్చింది.

మరి నా పొరపాటేమిటి? బ్రేకు తొక్కితే బరువు ముందుకు వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పటికే మలుపులో ఉన్నాను, పైగా కింద ఇసుక. వేగం ముందే, తిన్నటి రోడ్డు మీదే తగ్గించుకోవాల్సింది.

బహ్రెయిన్ ప్రయాణానికి పెట్టెలన్నీ కారు పైన కట్టే నాన్నగార్లకు నాదొక మనవి: బరువైనవి డిక్కీలో, అడుగున సర్దండి. మా ఇంట్లో ఆ సర్దుడు పని ఇప్పుడు మావాడిదే.