ట్యాంకులో పెట్రోల్ ఉంది... బండి ఎందుకు ఆగింది?

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. ఊళ్లో తిరిగినంతసేపూ హాయిగా ఉంటుంది. హైవే ఎక్కిన కాసేపటికి జర్కులు మొదలు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ రాదు. చివరికి రోడ్డు పక్కన ఆగిపోతుంది. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్! షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ ముందు బుద్ధిగా నడుస్తుంది.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. తాతగారు ముచ్చటపడి కొన్న కారు తుక్కు కింద వెళ్లిపోవడానికి చాలాసార్లు పెద్ద రిపేరు అక్కర్లేదు. ఈ దొరకని జబ్బు చాలు.

ఊళ్లో ఓకే, హైవేలో ఎందుకు కాదు?

ఈ కార్లలో ట్యాంకు వెనక ఉంటుంది. ఇంజిన్‌కి బిగించిన మెకానికల్ పంపు అక్కణ్నుంచి పెట్రోల్‌ని పీల్చి కార్బురేటర్‌కి పంపుతుంది. కార్బురేటర్‌లోని చిన్న గిన్నెలో కొంచెం పెట్రోల్ నిల్వ ఉంటుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు సరఫరా తగ్గినా ఆ గిన్నె నిండుతూనే ఉంటుంది. స్పీడు పెరిగితే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. గిన్నె ఖాళీ, బండి ఆగిపోతుంది.

పెట్రోలా, కరెంటా?

ముందు తేలాల్సింది ఇదే. వేడెక్కిన కాయిల్ కూడా అచ్చం ఇలాగే ఏడిపిస్తుంది. కరెంట్ పోతే బండి సాధారణంగా ఠక్కున ఆగుతుంది. పెట్రోల్ అందకపోతే ముక్కుతూ మూలుగుతూ ఆగుతుంది. ఆగిన చోటే, ఇంజిన్ కాస్త చల్లారాక ప్లగ్ విప్పి చూడండి. సెల్ఫ్ కొట్టినా ప్లగ్ పొడిగా ఉంటే అనుమానం పెట్రోల్ మీదే.

రోడ్డు మీద చేసే పరీక్షలు

ఆగగానే ట్యాంకు మూత తిప్పండి. గాలి ‘సుయ్’మని లోపలికి వెళ్లి, బండి వెంటనే దారిలో పడితే గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. పెట్రోల్ బయటికి వెళ్లినంత గాలి లోపలికి రాకపోతే పంపు ఎంత పీల్చినా రాదు.

మూత తీసినా ఫలితం లేదు, కాసేపాగితే మాత్రం నడుస్తోందా? ట్యాంకు అడుగున తుప్పు ఉండొచ్చు. పీల్చినప్పుడు అది జాలీకి అతుక్కుంటుంది, ఆపితే రాలిపోతుంది.

మండుటెండలోనే వస్తోందా? పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గర్నుంచే ఆవిరవుతాయి. పంపులో ఆవిరి నిండితే పీల్చే శక్తి ఉండదు. పంపు మీద తడిగుడ్డ వేస్తే తేరుకుందంటే దోషం వేడిదే.

కారని లీకు

మా మామయ్య పద్మినికి కాయిల్ మార్చారు, కార్బురేటర్ కిట్ వేశారు, కొత్త పంపు పెట్టారు. జబ్బు పోలేదు. అమ్మేద్దామని బేరం కూడా పెట్టాడాయన. చివరికి ట్యాంకుకి, పంపుకి మధ్య పారదర్శకమైన ఫిల్టర్ పెట్టి చూస్తే, స్పీడు పెరిగిన కొద్దీ బుడగలు! ట్యాంకు దగ్గర జానెడు రబ్బరు పైపు పగిలింది. అక్కడ చుక్క కూడా కారలేదు. ఎందుకంటే పంపుకి ముందున్న పైపులో ఉండేది పీల్పుడు. పగులులోంచి పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైపు, రెండు క్లిప్పులు మార్చారు. అంతే, బేరం రద్దు!

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. పాతకాలం రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ దీన్ని తట్టుకునేలా తయారైనవి కావు. అవి ఉబ్బుతాయి, పెళుసెక్కుతాయి. ఇథనాల్‌ని తట్టుకునే పైపులే అడిగి వేయించుకోండి.

పంపు పనితనం చూడాలంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాయిల్ కరెంట్ వైరు తీసేసి, కార్బురేటర్ వైపు పైపుని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. ధార ఆగకుండా రావాలి. ఇది మెకానిక్ చేతుల మీదుగా, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకునే చేయించండి.

సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేటప్పుడు పాటించే నియమం ఇక్కడా పనికొస్తుంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఎప్పుడు ఆగింది, ఎంత ఎండ, ట్యాంకులో ఎంత పెట్రోల్, మూత తీస్తే ఏమైంది అన్నవి చిన్న పుస్తకంలో రాసుకోండి. షెడ్డులో కనిపించని జబ్బుకి మెకానిక్ దగ్గర ఆ కాగితమే సాక్ష్యం.