కంబంలోంచి లేచిన గారడీ

నంద్యాల, రికార్డు అనే రెండు మాటలు పక్కపక్కన పెడితే 1991 ఉప ఎన్నికే గుర్తొస్తుంది. ప్రధాని పి.వి.నరసింహారావుకి అక్కడ 5.8 లక్షల పైచిలుకు మెజారిటీ వచ్చింది. నేను చెప్పబోయేది ఇంకో నరసింహుడి సంగతి.

అదే నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంలో నరసింహస్వామి కంబం చీల్చుకుని వచ్చాడంటారు కదా. ఆ హిరణ్యకశిపు వధనే ఒక గారడీవాడు రాజు ముందు ఆడి చూపిస్తాడు, దశకుమార చరిత్రలో. విద్యేశ్వరుడనే ఆ ఐంద్రజాలికుడు మొదట పాముల్ని రప్పించి, తర్వాత నరసింహుణ్ణి చూపి, చివర్లో ‘ఇప్పుడో పెళ్లి చూడండి’ అంటాడు. రాకుమారి అవంతిసుందరికీ రాజవాహనుడికీ నిజంగానే ముడి పెట్టేస్తాడు! రాజుగారు అదీ కనికట్టే అనుకుని మెచ్చి బహుమానమిచ్చి పంపుతాడు. దండి పేరున్న ఈ కథల్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. ఎదురుగా జరిగేదాన్ని ఎదురుగానే దాచడాన్ని ఇంతకన్నా బాగా చెప్పిన కథ నేను చదవలేదు.

గుట్టు అచ్చులో పెట్టేసినా అంతే, గుట్టుగానే ఉంటుంది. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ ‘మంత్రగత్తెలు’ అనే పేరుతో ఆడవాళ్లను చంపడం చూడలేక ఒక పుస్తకం రాశాడు. మంత్రాలనుకునేవన్నీ చేతి చమత్కారాలేనని చెప్పడానికి పళ్లెంలో తెగిన తల గారడీని విప్పి చూపించాడు: బల్లకి రెండు కంతలు, కింద దాక్కున్న రెండో కుర్రాడు. సరిగ్గా అదే ఏడు ఫ్రాన్సులోని లియాన్‌లో ప్రెవో అనే ఆయన రాసిన గారడీ పుస్తకమూ అచ్చయింది. ఇటలీ గణితవేత్త లూకా పాచియోలీ గారడీల రాతప్రతి మాత్రం బొలోనా గ్రంథాలయంలో దాదాపు 500 ఏళ్లు పడుకుని 1997లో అచ్చుకెక్కింది. ఆలస్యంలో రికార్డు దానిదేనేమో!

అన్నిటికన్నా వింత 1902లో షికాగోలో వచ్చిన పేకముక్కల పుస్తకం. రెండు డాలర్ల ధర, రచయిత పేరు ఎస్.డబ్ల్యు. ఎర్డ్‌నేస్. ఎవరో ఇప్పటికీ తేలలేదు. పేరు తిరగేస్తే ఇ.ఎస్. ఆండ్రూస్ అవుతుంది, అక్కడితో ఆగిపోతుంది.

ఖరీదుల విషయానికొస్తే గారడీవాడు జాన్ ముల్హోలాండ్ కథ చెప్పాలి. 1953లో అమెరికా గూఢచారి సంస్థ 3,000 డాలర్లిచ్చి, ఎదుటివాడి గ్లాసులో గుట్టుగా ఏదైనా కలపడమెలాగో ఆయన చేత రాయించుకుంది. 1973లో ఆ కాగితాలన్నీ తగలబెట్టమన్నారు. ఒక ప్రతి మిగిలి, 2009లో పుస్తకంగా బజారుకొచ్చింది. ఆయన పోగేసిన గ్రంథాలయాన్నేమో 1991లో మరో గారడీవాడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 22 లక్షల డాలర్లకు కొన్నాడు.

ఇక మన ఇంద్రజాలికుడు బి.వి.పట్టాభిరామ్ 2025లో కన్నుమూశారు. మేజిక్‌తో పేరు తెచ్చుకున్న ఆయన్ని పుస్తకాల షాపులో వెతకాల్సింది మాత్రం వ్యక్తిత్వ వికాసం బీరువాలో.