పాఠం చెప్పారు, టీవీలో మాట్లాడారు... పట్టభద్రుల ఓటుతో గెలిచారు!

గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న వాళ్లలో ప్రొఫెసర్ కె.నాగేశ్వర్ పేరు తెలియని వాళ్లు తక్కువే. బడ్జెట్ అయినా, సుప్రీంకోర్టు తీర్పు అయినా యూట్యూబ్‌లో ఆయన విశ్లేషణ వినడం చాలామందికి అలవాటు. ఉస్మానియా యూనివర్సిటీలో జర్నలిజం ప్రొఫెసర్‌గా పనిచేశారు. హెచ్‌ఎంటీవీకి ఎడిటర్‌గా కూడా పనిచేశారు. ఆయన రెండుసార్లు ఎమ్మెల్సీగా చేశారన్న సంగతి మాత్రం ఇప్పటి కుర్రాళ్లలో కొందరికే తెలుసు.

1985లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 2007లో మళ్లీ వచ్చింది. ఆ ఏడాది, మళ్లీ 2009లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానం నుంచి ఆయన ఇండిపెండెంట్‌గా గెలిచారు. వామపక్షాలు మద్దతిచ్చాయి. విషయాన్ని అర్థమయ్యేలా చెప్పగలగడం క్లాస్‌రూమ్‌లో, స్టూడియోలో, సభలో మూడుచోట్లా పనికొచ్చింది. ఇంటర్వ్యూకెళ్లే మనకూ కావాల్సింది అదే.

అయితే పేరుంటే చాలదు. 2021లో అదే స్థానంలో మళ్లీ పోటీచేసి ఓడిపోయారు. టీఆర్‌ఎస్ తరఫున గెలిచిన సురభి వాణీదేవి కూడా విద్యారంగం నుంచి వచ్చినవారే. అప్పటికి పార్టీల బలం, ఓటర్ల నమోదు హడావుడి బాగా పెరిగాయి.

మన దగ్గర సంగతేంటి?

భట్టిప్రోలు, రేపల్లె, తెనాలి, బాపట్ల... ఇవన్నీ కృష్ణా-గుంటూరు పట్టభద్రుల నియోజకవర్గంలోవే. ఇక్కడ 2019లో లెక్చరర్ కె.ఎస్.లక్ష్మణరావు గెలిచారు. 2025లో ఆయనపై తెలుగుదేశం అభ్యర్థి ఆలపాటి రాజేంద్రప్రసాద్ నెగ్గారు. పదవీకాలం ఆరేళ్లు. అంటే మళ్లీ మామూలు ఎన్నిక 2031లోనే.

ఈ ఓటు దానంతటదే రాదు. మామూలు ఓటరు కార్డు ఉన్నా సరే, ప్రతి ఎన్నికకూ ఫారం-18తో కొత్తగా దరఖాస్తు చేయాలి. అర్హత తేదీ నవంబరు 1. ఆ రోజుకి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. 2031 మొదట్లో పోలింగ్ జరిగితే లెక్క 2030 నవంబరు 1 నుంచి చూస్తారు. అంటే 2027 నవంబరు లోపు డిగ్రీ చేతికొచ్చిన వాళ్లకే అవకాశం. బ్యాక్‌లాగ్ సబ్జెక్టులు ఉన్నవాళ్లూ, గుర్తుపెట్టుకోండి!

బ్యాలెట్‌పై టిక్కు కొట్టకూడదు, సంతకం పెట్టకూడదు. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా '1' అంకె వేయాలి. ఆ తర్వాత ఇష్టముంటే 2, 3... '1' లేకపోతే ఓటు చెల్లదు. చదువుకున్నవాళ్ల ఎన్నికే అయినా వేల ఓట్లు ఇలాగే మురిగిపోతున్నాయి.

పోటీ చేయాలంటే 30 ఏళ్లు నిండాలి. విచిత్రం ఏంటంటే, ఓటేయడానికి డిగ్రీ కావాలి గానీ నిలబడటానికి అక్కర్లేదు.

ఎమ్మెల్సీ ఎవరికీ ఉద్యోగం ఇప్పించలేరు. కానీ ఆగిన నోటిఫికేషన్, అందని ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మంత్రిని సభలో నిలదీయగలరు. 58 మంది ఉన్న ఏపీ మండలిలో పట్టభద్రులు ఎన్నుకునేది ఐదుగురినే. వాళ్లలో ఒకరు ఎవరో తేల్చేది మన ఓటే. సర్టిఫికెట్ జిరాక్స్‌తో పాటు ఫారం-18 కూడా ఫైల్లో పెట్టుకోండి.