వరిమడియు వాయుమండలమును

నారాయణరావుపేట వరిమళ్ళలో కాలు మోపినవారు బురదలోనుండి చిన్న చిన్న బుడగలు పైకి లేచుట చూచియే యుందురు. ఆ బుడగలలో నున్నది వట్టి గాలి కాదు. మీథేను అను వాయువు. ఇటలీదేశపు శాస్త్రజ్ఞుఁడగు వోల్టా 1776వ సంవత్సరమున నొక సరస్సు ఒడ్డున బురదను కెలికి యీ వాయువును పట్టి పరీక్షించెను.

ఎండకు వేడెక్కిన భూమి తన వేడిమిని మరల నాకాశమునకు విడుచుచుండును. మీథేను, నైట్రస్ ఆక్సైడు, బొగ్గుపులుసుగాలి, అనఁగా కార్బన్ డయాక్సైడు, ఆ వేడిమిలో కొంత పట్టి నిలుపును. ఇవి మితముగా నున్న మేలు. మితి మీఱినచో తాపము పెరిగి వానల వరుస చెడును. అందలి కీడు వాననే నమ్ముకొన్న మెట్టరైతునకు ముందుగా తగులును.

నీరు నిలిచిన నేలకు గాలి యందదు. గాలి లేనిచోట బ్రదుకు సూక్ష్మజీవులు క్రుళ్ళిన గడ్డిని ఆధారము చేసికొని మీథేనును పుట్టించును. అది కొంత బుడగలుగాను, ఎక్కువభాగము వరికాఁడల గుండను వెలువడును. నెమరువేయు పశువుల కడుపులోను నిట్టి జీవులే యున్నవి. త్రేన్పులతో ఆ వాయువు బయటికి వచ్చును. నూఱేండ్ల లెక్కలో మీథేను అంతే బరువుగల బొగ్గుపులుసుగాలికంటె సుమారు 27 రెట్లును, పైరు గ్రహింపని యూరియానుండి పుట్టు నైట్రస్ ఆక్సైడు 273 రెట్లును వేడిమిని నిలుపును.

మన సిద్దిపేట సీమ యొకప్పుడు బావులను, చెఱువులను నమ్ముకొన్న మెట్టసీమ. 2020వ సంవత్సరమున గోదావరీజలము చంద్లాపూరువద్ద రంగనాయకసాగరమును చేరినది. నీరు వచ్చినచోట వరి పెరుగుట సహజము. కఱవు నెఱిఁగిన రైతు మడినిండ నీరు నిలుపుటయు సహజమే. అన్నము పెట్టు పంటను నిందింపరాదు. దోషము వరియందు లేదు. విరామము లేక నిలిపిన నీటియందున్నది.

దీనికి సులభమైన యుపాయము కలదు. రంధ్రములుగల యొక గొట్టమును మడిలో పాతవలెను. నాటిన రెండువారముల పిమ్మట నీరు ఇంకనిచ్చి, గొట్టములో మట్టము నేలకు అర అడుగు క్రిందికి దిగినపుడే మరల పెట్టవలెను. పూవు పూయు దినములలో మాత్రము నీరు తక్కువ కానీయరాదు. ఇట్లు చేసినచో మీథేను దాదాపు సగము దాఁక తగ్గును. దిగుబడి చెప్పఁదగినంత తగ్గదు. నీటిని తోడు విద్యుత్తులో చాలభాగము బొగ్గువలన పుట్టునదే గనుక ఆ పొగయు తగ్గును. అయితే మడి ఆఱుచు తడియుచున్నపుడు నైట్రస్ ఆక్సైడు కొంత హెచ్చవచ్చును. కావున యూరియాను కొలఁది మీఱక, పలు దఫాలుగా చల్లవలెను. గడ్డిని కాల్చక పశువులకు మేఁతగానో, కుప్పవేసి ఎరువుగానో వాడవలెను.

విద్యార్థులారా! సెలవులలో మీ పొలమునకు పోయినపుడు తండ్రితోఁగూడి యొక మడిలో నిట్టి గొట్టమును పాతి, నీటిమట్టమును దినదినము వ్రాసి చూడుఁడు. భూమిని దున్నుటయే గాక కాపాడుటయు దేవుఁడు మనుష్యున కప్పగించిన పని.