పాత పాట వెంటపడ్డ కుర్రాళ్లు

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాడులోని కారెంపూడి జనంతో కిటకిటలాడిపోతుంది. వీరుల గుడిలో ఆయుధాలకు పూజలు... రాచగావు నుంచి కళ్లిపాడు దాకా అయిదు రోజుల తిరునాళ్లు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పల్నాటి యుద్ధాన్ని అక్కడ పుస్తకం చూసి చదవరు. వీరవిద్యావంతులు పాడి చెబుతారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి నోటితోనే అందిన కథ అది. 1970ల్లో జీన్ రోగైర్ అనే అమెరికా పరిశోధకుడు వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడిన ఆ కథను రికార్డు చేసుకున్నాడు. 1982లో అది ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఆంగ్లంలో వచ్చింది.

మన పల్లెపాట కోసం అంత దూరం నుంచా అనిపిస్తుంది కదూ! కానీ పాత గాయకుల్ని వెతుక్కుంటూ వెళ్లడం ఆ దేశంలో అప్పటికే ఉంది. అలాంటి పిచ్చి ఉన్న కుర్రాళ్లు కొందరు ఏకంగా బ్యాండే పెట్టేశారు. దాని పేరు క్యాన్డ్ హీట్.

ఎలుగుబంటి... గుడ్లగూబ!

పత్తి చేలల్లో చాకిరీ చేసిన అమెరికా నల్లజాతివాళ్ల గుండెకోత నుంచి పుట్టిన పాట బ్లూస్. ఒక గొంతు, ఒక గిటారు చాలు. దానికి ఎలక్ట్రిక్ గిటార్ల హోరు, డ్రమ్స్ దరువు తోడైతే బ్లూస్ రాక్. క్యాన్డ్ హీట్ 1965లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. పాడేది బాబ్ హైట్. భారీ మనిషి కాబట్టి 'ఎలుగుబంటి' అనేవారు. పాత గ్రామఫోన్ రికార్డులు ఆయన దగ్గర వేలల్లో ఉండేవట! రెండో గొంతు ఆలన్ విల్సన్‌ది. చూపు బాగా తక్కువ, సోడాబుడ్డి కళ్లద్దాలు. ఆయన 'గుడ్డి గుడ్లగూబ'. గిటారు హెన్రీ వెస్టైన్, బేస్ గిటారు లారీ టేలర్. 1967లో మెక్సికో కుర్రాడు ఫిటో డి లా పారా డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. బ్యాండ్ పేరు కూడా అరువే. టామీ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1928లో పాడిన పాటలోది. మద్యనిషేధం రోజుల్లో పేదలు మత్తు కోసం తాగిన, డబ్బాల్లో అమ్మే స్టవ్ ఇంధనమే క్యాన్డ్ హీట్.

వీళ్ల కథలో అన్నిటికన్నా ముచ్చటైనది బ్యాండ్ పుట్టకముందే జరిగింది. సన్ హౌస్ అనే బ్లూస్ గాయకుడు 1930లో కొన్ని రికార్డులిచ్చి, తర్వాత జనం కంటికి కనిపించకుండా పోయాడు. 1964లో అభిమానులు ఆయన్ను న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో పట్టుకున్నారు. గిటారు ముట్టి ఏళ్లు గడిచిపోయాయి. తన పాటలే తనకు గుర్తులేవు! అప్పుడు ఇరవయ్యొక్కేళ్ల విల్సన్ ఆయన ముందు కూర్చుని, పాత రికార్డుల్లో విన్నవి వాయించి చూపించాడు. ఆయన పాట ఆయనకే మళ్లీ నేర్పాడన్నమాట. మరుసటి ఏడాదే సన్ హౌస్ కొత్త ఆల్బమ్ చేశాడు.

1968లో దేశమంతా మార్మోగిన 'గోయింగ్ అప్ ద కంట్రీ' పాటా అంతే. హెన్రీ థామస్ 1928లో రెల్లు గొట్టాలు ఊదుతూ పాడిన బాణీకి విల్సన్ కొత్త మాటలు రాశాడు. గొట్టాల బదులు వేణువు పెట్టారు. 1969లో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో లక్షల మంది ముందు బ్యాండ్ వాయించింది. కానీ మరుసటి ఏడాదే విల్సన్ ఇరవై ఏడేళ్లకే పోయాడు. 1981లో హైట్ కూడా వెళ్లిపోయాడు. ఆ తర్వాత బండి లాగింది ఫిటోనే.

రికార్డు లేకుంటే?

ఆ 1930 నాటి రికార్డులే లేకపోతే విల్సన్ చేతులెత్తేసేవాడే. గాలెయ్య పాట విలువ అక్కడే తెలుస్తుంది. 1947లో, 1966లో 'పల్నాటి యుద్ధం' పేరుతో రెండు సినిమాలొచ్చాయి. కథ వాళ్లు తీసుకున్నారు, బాణీలు మాత్రం సినిమావే. రోగైర్ పుస్తకంలో బ్రహ్మనాయుడూ కన్నమదాసూ బాలచంద్రుడూ అందరూ ఉన్నారు. గొంతు విరుపు, దరువు మాత్రం అచ్చులోకి ఎక్కవు. అవి కావాలంటే పాడేవాళ్ల ముందు కూర్చోవాల్సిందే. గిటారు పట్టుకు తిరిగే కుర్రాళ్లకు నరసరావుపేట నుంచైనా, మాచర్ల నుంచైనా కారెంపూడి ఏమంత దూరం కాదు.